గుమ్మం దాకా వచ్చిన బావ

మొన్న డిసెంబరు మొదటి వారంలో ఒక పొద్దున చాయ్ తాగుతూ ఫోన్ తీస్తే మా సంఘం గ్రూపులో ఒక ఆడియో వచ్చి ఉంది. పంపినవాడు మోర్తాడ్ అబ్బాయి, దుబాయిలో ఏసీ మెకానిక్. ఈ మధ్యనే మా గ్రూపులో చేరాడు. ఆడియో కింద, "ఈ బ్రదర్ ఎవలో గని మస్తు కరెక్టు చెప్పిండు, అందరు వినుండ్రి" అని రాశాడు. నొక్కాను. రేకుల షెడ్డు కింద మాట్లాడితే వచ్చే గరగర, ఎవరో ముసలాయన దగ్గు, ఒక చంటిబిడ్డ ఏడుపు, వాటన్నిటినీ తొక్కుకుంటూ ఒక మగగొంతు. డిసెంబరు ఇరవై అయిదున ప్రభువు పుట్టాడని బైబిలు వాక్యంలో ఎక్కడుందో చూపించమని ఆ గొంతు సవాలు చేస్తోంది. చూపిస్తే చెవి కోసుకుంటానంటోంది. చెవి మాట వచ్చాక గానీ అది నా గొంతేనని పోల్చుకోలేదు. ఏడేళ్ల కిందటిది. ఎవరు రికార్డు చేశారో, ఎన్ని ఫోన్లు తిరిగిందో, సముద్రం దాటిపోయి మళ్లీ ఆర్మూర్‌కే ఎలా వచ్చిందో తెలియదు. వంటింట్లోంచి నా భార్య వచ్చి, తడి చేత్తోనే ఫోన్ లాక్కుని ఆపేసింది. "గా గొంతు మల్ల ఇంట్లకు రానియ్యకుండ్రి" అంది. అంతే. ఆమె ఎక్కువ మాట్లాడదు. మాట్లాడే పని మా ఇంట్లో మొదటి నుంచీ నేనే చూసుకున్నాను. అందుకు తగ్గ ఫలితం కూడా వచ్చింది. అదే ఇప్పుడు చెప్పబోయేది.

ఇది మా బావ సంగతి. నాకంటే పదకొండేళ్లు పెద్దదైన మా అక్క భర్త. అమ్మ పోయాక అక్క నన్ను తన ఇంటికి తెచ్చుకుంది. పెళ్లయి వచ్చిన పిల్ల వెంట తమ్ముణ్ని కూడా తెచ్చిందని ఆయన వైపు వాళ్లు సణిగితే, "నాకు కట్నం కింద బామ్మర్దిని ఇచ్చిన్రు, మీకేంది బాధ?" అన్నాడట. బావది అంకాపూర్, పెళ్లి తర్వాత ఆర్మూర్‌కు వచ్చేశాడు. పసుపు తవ్వకాలు మొదలైనప్పటి నుంచి ఎండలు ముదిరేదాకా ఊరూరా తిరిగి పసుపు కొమ్ములు ఉడకబెట్టేవాడు. పెద్ద ఇనుప కడాయి ముందు కూర్చుని, కొమ్ములోకి పుల్ల గుచ్చి, అది దిగిన తీరు చూసి ఇక దింపండనేవాడు. ఆయన దింపమన్న పసుపు విరిస్తే లోపల ఒకే రంగు ఉండేది. మిగతా కాలమంతా పెళ్లిళ్లకూ శుభకార్యాలకూ వంట. అంకాపూర్ నాటుకోడి కూర సంగతి తెలిసినవాళ్లకు ఆయన చేతి గురించి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్లకు చెప్పినా లాభం లేదు. పసుపు పని ముగిసి తొమ్మిది నెలలైనా గోళ్ల సందుల్లో ఆ పసుపు పోయేది కాదు. ఆయన అన్నం ముద్ద కలిపి పెడుతుంటే మన నుదుటికి బొట్టు పెట్టబోతున్నాడేమో అనిపించేది.

నేను ఇంటర్ చదివే రోజుల్లో అక్కకు పెద్ద జబ్బు చేసి నిజామాబాద్ దవాఖానలో నెల రోజులు ఉంది. అక్కడ ఒక ముసలి అయ్యగారు మంచం మంచానికీ వచ్చి ప్రార్థన చేసి పోయేవారు. బతుకుతుందో లేదో అనుకున్న అక్క లేచి ఇంటికొచ్చింది. వచ్చిన వారానికే ఆ అయ్యగారి మందిరం ఎక్కడుందో కనుక్కుంటే, మా గల్లీ చివరనే ఉన్న రేకుల షెడ్డు అని తేలింది. వెళ్లడం మొదలుపెట్టింది. వెనకే నేను. బావ వద్దనలేదు. "నువ్వు పో, నీ తమ్మున్ని గూడ తోల్కపో. నన్ను మాత్రం గుంజకు" అన్నాడు. పోచమ్మకు బోనం ఎత్తే రోజు ముందు నడిచేది ఆయనే. దాన్ని వదులుకోమని అక్క ఎన్నడూ అడగలేదు. అడగలేదు గానీ ప్రార్థన చేసేది. బీడీలు చుట్టుకుంటూ, తునికాకు కత్తిరించుకుంటూ, పెదవులు కదుపుతూ ఒక్కటే కోరేది. ఆ మనిషి ఒక్కసారి మందిరం లోపలికి వచ్చి కూర్చోవాలని.

మొదటి క్రిస్మస్‌కు అక్క ఇంటి మీద నక్షత్రం పెట్టుకోవాలని ముచ్చటపడింది. బావ ఎక్కడి నుంచో వెదురు తెచ్చి, బద్దలు చీల్చి, అక్క బీడీలకు కట్టే దారంతోనే ఐదు మూలలూ బిగించి, మైదా గంజితో ఎర్ర కాగితం అతికించి, లోపల బల్బు పెట్టి ఇచ్చాడు. అది చూసి ముసలి అయ్యగారు మందిరానికి కూడా ఒకటి కావాలన్నారు. ఆ ఏడాది బావ దాన్ని గోడ మీది నుంచి లోపలికి అందించి, అటు నుంచి అటే పోయాడు. మరుసటేడు గేటు దాకా తెచ్చాడు. ఇంకొన్నేళ్లకు నిచ్చెన ఎక్కి కట్టేవాడు లేడని తానే గేటు దాటి వచ్చి కట్టాడు. ఆ తర్వాత పండుగ భోజనానికి వండేవాడు దొరక్కపోతే మందిరం పక్కన పొయ్యి పెట్టి కోడికూర వండాడు. ఇక ప్రతి ఏడాదీ నక్షత్రం ఆయనదే, కూర ఆయనదే. గల్లీ అంతా తినేది. దసరాకూ బతుకమ్మకూ వాళ్ల ఇళ్ల నుంచి మాకు సత్తుపిండి ముద్దలు వస్తే కొంతమంది విశ్వాసులు ముట్టుకోవాలా వద్దా అని నసిగేవారు గానీ, ఇరవై అయిదున మా అన్నం తినడానికి గల్లీలో ఎవరికీ ఏ నసుగుడూ లేదు. నక్షత్రం మీద ఎక్కడో ఒకచోట బావ బొటనవేలి ముద్ర పసుపుగా పడి ఉండేది. "తుడవకు, గదే అస్సలు గుర్తు. మీ ఏసయ్యకు పసుపు పడదా ఏంది బామ్మర్దీ?" అని నవ్వేవాడు.

అక్క మాత్రం నక్షత్రాన్నీ కూరనూ కాదు, ఆయన అడుగులను చూసేది. గోడ అవతలి నుంచి గేటుకు, గేటు నుంచి పొయ్యి దగ్గరికి, పొయ్యి దగ్గర నుంచి షామియానాలోకి. ఆఖరికి, మొదటి నక్షత్రం నుంచి లెక్కిస్తే ఇరవై నాలుగో ఏట, కూర దమ్ము మీద పెట్టి, చెప్పులు విడిచి, గుమ్మం దాటి వచ్చి వెనక చాప మీద కూర్చున్నాడు. పది నిమిషాలు కూర్చుని ఉంటాడు. కూర అడుగంటుతుందని లేచి పోయాడు. ఆ పది నిమిషాలూ అక్క వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే లేచి పోతాడేమోనని భయపడిందట. ప్రసంగం చేస్తున్నది నేను. నేను చూశాను. చూసి ఏమనుకున్నానో కూడా గుర్తుంది. నా మాట విందామని వచ్చాడనుకున్నాను.

అప్పటికి ముసలి అయ్యగారు పోయి రెండేళ్లు. ప్రైవేటు బడిలో సోషల్ పాఠాలు చెప్పుకునే నేను ఆదివారాలు ప్రసంగించే మనిషినయ్యాను. ఇప్పుడు ఒక మాట దాచకుండా ఒప్పుకోవాలి. పండుగ రోజు నేను గంటన్నర మాట్లాడేవాణ్ని. వారం రోజులు రాసుకుని, అద్దం ముందు చెప్పుకుని, గొంతు ఎక్కడ పెంచాలో ఎక్కడ తగ్గించాలో గీతలు గీసుకుని మరీ. అయిపోయాక విస్తరి ముందు కూర్చున్నవాళ్లను, "ఎట్లున్నదమ్మా ఇయ్యాల వాక్యం?" అని అడిగితే, "మస్తున్నదయ్యా, కారం జర ఎక్కువైంది గని" అనేవారు. ఒక ఏడాది కాదు, రెండేళ్లూ ఇదే. పైకి నవ్వేవాణ్ని. లోపల మండేది. ఆ మంటకు సరిగ్గా అప్పుడే కట్టెలు దొరికాయి. ఫోన్‌లో వీడియోలు. ఈ పండుగ ప్రభువుది కాదు, రోములో సూర్యుడికి చేసే పండుగను తెచ్చి మన మీద వేసుకున్నామని ఒకరు చెప్పేవారు. చలికాలంలో కాపరులు పొలాల్లో ఎందుకుంటారని ఇంకొకరు. చెట్టు అన్యులది, నక్షత్రం అన్యులది, తేదీ అన్యులది. వీటికి జవాబు చెప్పేవాళ్లూ ఉన్నారు. ఆ తేదీని పాతకాలపు విశ్వాసులు వేరే లెక్కతో, గర్భం ధరించిన రోజు నుంచి తొమ్మిది నెలలు కట్టి తేల్చారని వాళ్ల వాదన. అవి నేను వినలేదు. వీడియో మొదలవగానే అది ఎటుపోతుందో అర్థమై పక్కకు తోసేసేవాణ్ని. బడిలో పిల్లలు అలా చదివితే చెవి మెలేసేవాణ్ని. ఒక నోటు పుస్తకం పెట్టుకుని క్రిస్మస్ ఎక్కడ పుట్టిందో పేజీల కొద్దీ రాశాను. నా రోషం ఎక్కడ పుట్టిందో మాత్రం ఒక్క లైను కూడా రాసుకోలేదు. అది బావ కూర వండే గంజు దగ్గర పుట్టింది.

బావ చాప మీద కూర్చున్న మరుసటేడు, నవంబరులో ఒక సాయంత్రం అక్క ఇంటి అరుగు మీద బావకు ఇదంతా వివరించాను. అక్క చేటలో ఆకు పెట్టుకుని బీడీలు చుడుతోంది. బావ చిక్కుడుకాయలు తుంచుతున్నాడు. చలిలో కాపరుల మాట వచ్చేసరికి చెయ్యి ఆపాడు.

"గదేంది బామ్మర్దీ? మన తాన గొర్లోళ్లు మందలు చేన్ల పెట్టేదే చలికాలం గదా. దుప్పటి కప్పుకొని మంట కాగుకుంట పంటరు. మొన్న పెర్కిట్ దిక్కు పోంగ చూసొచ్చిన."

"అక్కడి చలి వేరు బావా."

"నువ్వు పోయి చూసినవా?"

అక్క నవ్వు ఆపుకోవడానికి తల వంచుకుంది. నాకు ఒళ్లు మండింది. అసలు పుట్టిన రోజే తెలియనప్పుడు పండుగ చేయడం అబద్ధం కాదా అన్నాను.

"తెల్వకుంటే ఏమైంది?" అన్నాడు బావ. "నేను ఏ దినం పుట్టిన్నో మా అవ్వకే ఎర్కలేదు. జొన్నలు కోసే కాలమంటది, ఓసారి మక్కలు ఇరిసే కాలమంటది. ఆధార్ల ఏం రాయాలె అంటె నాకేం ఎర్క అన్న. జనవరి ఒకటి రాసుకున్నరు. ఇప్పుడు ప్రతి జనవరి ఒకటికి నీ బిడ్డ వచ్చి మామా హ్యాపీ బర్త్‌డే అని చాక్లెట్ ఇస్తది. గా దినం నేను పుట్టలేదని ఆ పిల్లకు ఎర్కనే. అయినా ఇస్తది. నేను తీసుకుంట. అండ్ల అబద్ధమేమున్నది?"

ఇప్పుడు తలుచుకుంటే, నేను విన్న వీడియోలన్నిటికీ అంతకంటే మంచి జవాబు ఏ పండితుడూ చెప్పలేదనిపిస్తుంది. ఆ సాయంత్రం మాత్రం, "దేవుడు, నువ్వు ఒక్కటేనా బావా?" అన్నాను. బావ చేతిలోని చిక్కుడుకాయ తుంచి, "గది నిజమే తీయి" అన్నాడు. వాదనలో గెలిచి ఇంటికి వచ్చాను.

డిసెంబరు మొదటి ఆదివారం, ఇప్పుడు గ్రూపులో తిరుగుతున్న ఆ ప్రసంగం చేశాను. ఇక మా మందిరంలో క్రిస్మస్ లేదని, ఇరవై అయిదున తలుపులు వేసుకుని ఉపవాస ప్రార్థన చేస్తామని, నక్షత్రం కట్టినా కేకు కోసినా అన్యుల విగ్రహానికి మొక్కినట్టేనని ప్రకటించాను. మా వాళ్లు వేదిక మీద నుంచి వచ్చే మాటను కాదనరు. బయటికి వెళ్లాక చెప్పులు వేసుకుంటూ గుసగుసలాడతారు. అక్క చెప్పులు వేసుకుంటూ కూడా ఏమీ అనలేదు. ఇంటికి వెళ్లి బావకు కూడా చెప్పలేదట. ఎట్లా చెప్పాలో తెలియక వారం గడిపింది. నేను వెళ్లి చెప్పి ఉండొచ్చు. నాలుగు ఇళ్ల దూరం. వెళ్లలేదు. ప్రకటించాను కదా, ఇక అందరికీ తెలిసినట్టే అనుకున్నాను.

ఆ శనివారం పొద్దున మందిరంలో ఆడవాళ్లు నేల కడుగుతుంటే నేను కుర్చీ వేసుకుని రాసుకుంటున్నాను. గేటు చప్పుడైంది. బావ. భుజం మీద నక్షత్రం. ఎప్పటికంటే పెద్దది, మా గల్లీలో నిలువుగా పట్టదని పక్కకు తిప్పి పట్టుకుని వచ్చాడు. ఈసారి రెండు రంగుల కాగితం, అంచులకు జరీ. ముందటేడు లోపలికి వచ్చి కూర్చున్న మనిషి కదా, ఈసారి ఆయన చేతికి ఎక్కడలేని హుషారు వచ్చింది. చెప్పులు గేటు దగ్గరే విడిచాడు. పిలవకుండానే గుమ్మం ఎక్కబోయాడు.

నేను లేచి గుమ్మంలో నిలబడ్డాను. "బావా, ఇది లోపలికి వద్దు" అన్నాను.

"ఎందుకు? మంచిగ లేదా?"

"అది కాదు. అక్క చెప్పలేదా? మనం ఇగ క్రిస్మస్ చేస్తలేము. నక్షత్రాలు కట్టుడు దేవునికి ఇష్టం లేదు."

నేల కడుగుతున్న ఆడవాళ్లు చీపుళ్లు ఆపారు. బావ నక్షత్రాన్ని భుజం మీంచి దింపి కాలి మీద ఆనించుకున్నాడు, తడి నేల తగలకుండా. "గట్లయితే ఇన్నేండ్లు నేను చేసింది పాపమా బామ్మర్దీ?" అని అడిగాడు. కోపంగా కాదు. పసుపు ఉడికిందా లేదా అని పుల్ల గుచ్చి చూసేటప్పుడు ఎట్లా చూస్తాడో అట్లా నా ముఖంలోకి చూస్తూ. ఆ ప్రశ్నకు నా దగ్గర ఎన్ని జవాబులు ఉండాల్సింది! కాదు బావా అంటే సరిపోయేది. లోపలికి వచ్చి కూర్చో, మాట్లాడుకుందాం అంటే సరిపోయేది. కానీ వెనక ఆడవాళ్లు వింటున్నారు. వారం కిందట వేదిక మీద అన్న మాట వాళ్ల ముందు మెత్తబడితే ఎట్లా? "తెల్వక చేసినవు బావా. తెల్సినంక చేస్తే పాపమే" అన్నాను.

"సరే" అన్నాడు. నక్షత్రాన్ని మళ్లీ భుజానికెత్తుకుని, గేటు దగ్గర చెప్పులు వేసుకుని, వచ్చిన దారినే పక్కకు తిప్పి పట్టుకుని పోయాడు. ఇంటికి వెళ్లి కూర్చుని, బీడీ దారం ముడులు ఒక్కొక్కటే విప్పాడట. కోయలేదు, విప్పాడు. బద్దలు తీసి చిక్కుడు పాదుకు ఊతంగా కట్టాడు. ఇది నాకు చాలా రోజుల తర్వాత నా భార్య చెప్పింది.

ఇరవై అయిదు వచ్చింది. తలుపులు దగ్గరగా వేసి ఉపవాస ప్రార్థన మొదలుపెట్టాం. పాతికమంది ఉండాల్సిన చోట పన్నెండుమంది. పదకొండు గంటలప్పుడు బయట అలికిడి. తలుపు తీస్తే గల్లీ ఆడవాళ్లు ఏడెనిమిదిమంది, తలల మీద కొంగులు కప్పుకుని, చేతుల్లో గిన్నెలు. కొన్ని గిన్నెల్లో అన్నం, కొన్నింట్లో పప్పు, ఒకదాంట్లో చింతపులుసు. నాకు అర్థం కాలేదు. మా దిక్కు ఇంట్లో మనిషి పోతే ఆ ఏడాది పండుగ చేయరు. పొయ్యి వెలగని ఇంటికి చుట్టుపక్కల వాళ్లు అన్నం వండుకుని తెస్తారు. అక్క ఇంటి మీద నక్షత్రం లేదు, మందిరం మీద లేదు, పక్కన పొయ్యి వెలగలేదు, కూర వాసన లేదు, లోపల జనం మోకాళ్ల మీద ఉన్నారు. వాళ్లు ఇంకేమనుకుంటారు? ముందున్న ముసలమ్మ నన్ను చూడగానే గొంతు తగ్గించి, "ఎవలు పోయిన్రు కొడుకా? మాకు కబురన్న పెట్టకపోతిరి" అంది. నేను నోరు తెరిచాను. సూర్యుడి పండుగ, రోము, కాపరుల చలి, నోటు పుస్తకం నిండా ఉన్నదేదీ ఆమెకు చెప్పడానికి పనికిరాలేదు. అప్పటికి గేటు బయట బావ నిలబడి ఉన్నాడు. ఆ ఆడవాళ్లు దారిలో ఆయనను అడిగి, ఆయన చెప్పింది నమ్మక ఇటు వచ్చారట. అక్కడి నుంచే అన్నాడు: "నేను జెప్పిన గదా పెద్దమ్మా. మనిషి ఎవ్వలు పోలె. పండుగనే పోయింది. అన్నం పెట్టి పోండ్రి, లోపలోళ్లు ఆకలి మీదున్నరు." గేటు లోపలికి మాత్రం కాలు పెట్టలేదు. ఉపవాసంలో ఉన్న మేము ఆ అన్నాన్ని ఏం చేయాలో తెలియక గుమ్మంలో వరుసగా పెట్టించాం. అక్క మోకాళ్ల మీది నుంచి లేచి వచ్చి, ఒక గిన్నె ముందు కూర్చుని, అందరూ చూస్తుండగా ఒక ముద్ద కలుపుకుని తింది. చావు ఇంటివాళ్లు తినే తీరులో, రుచి తెలియకుండా.

ఆ తర్వాత జరిగింది చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, చెప్పకపోతే ఇది రాయడం దండగ. రెండేళ్లలో మా సంఘంలో సగంమంది వేరే మందిరాలకు వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు మెల్లగా, "పిల్లలు అడుగుతున్నరు బ్రదర్" అన్నారు. నా పట్టు కూడా సడలింది. వాదనలో రెండో వైపు కూడా చదివాను. తేదీ ఇదేనని ఎవరూ తేల్చలేరని, కాదని కూడా తేల్చలేరని, రోజుల విషయంలో ఒకరినొకరు తీర్పు తీర్చుకోవద్దని వాక్యంలోనే ఉందని ఎట్టకేలకు కనిపించింది. అది అంతకుముందూ అక్కడే ఉంది. క్రిస్మస్ చేయనివాళ్లను నేనిప్పుడు తప్పు పట్టను. మనస్సాక్షి ఒప్పక మానుకున్న మంచివాళ్లు నాకు తెలుసు, వాళ్లు ఎవరినీ గుమ్మంలో ఆపలేదు. మూడో ఏడు మళ్లీ పండుగ మొదలుపెట్టాం. నేను తప్పు చెప్పానని వేదిక మీద ఒప్పుకున్నానా? లేదు. "ఈసారి పిల్లల కోసం చిన్నగా చేసుకుందాం" అన్నాను. పాత బస్టాండు దగ్గర ప్లాస్టిక్ నక్షత్రం కొనుక్కొచ్చి కట్టాం. రంగులు మారుతూ తిరుగుతుంది, ఎవరి వేలి ముద్రా లేదు. కూర హోటల్ నుంచి తెప్పిస్తున్నాం. ఇప్పుడు నా ప్రసంగం బాగుందనే అంటున్నారు.

ఈ డిసెంబరులో నా గొంతు నేను విన్న రోజు సాయంత్రమే అక్క ఇంటికి వెళ్లాను. ఏడేళ్లలో పండుగలకూ పబ్బాలకూ ఎన్నోసార్లు వెళ్లాను. బావ ఎన్నడూ ముఖం తిప్పుకోలేదు, చాయ్ ఇవ్వకుండా పంపలేదు. ఆ సంగతి మాత్రం ఇద్దరం ఎత్తలేదు. ఆయనకు కోపం ఉందని, బయటపెట్టడం లేదని అనుకునేవాణ్ని. కోపమైతే కాళ్లు పట్టుకుని పోగొట్టొచ్చని ధైర్యం కూడా ఉండేది. అరుగు మీద ఆయన పక్కన కూర్చుని చెప్పేశాను. ఆ రోజు నేను అన్నది తప్పు బావా, నువ్వు చేసింది పాపం కాదు, నాకు నీ కూర మీద ఈర్ష్య ఉండేది, ఈ ఏడు నువ్వు మళ్లీ నక్షత్రం చేసి తేవాలి, గుమ్మంలో నేనే నిలబడి లోపలికి తీసుకుపోతాను అన్నాను. కూర మీద ఈర్ష్య అనగానే బావ పగలబడి నవ్వాడు. "అరే పిచ్చోడా, గది చెప్తె నేను ఉప్పు ఎక్కువేసేటోన్ని గద" అన్నాడు. నవ్వి, కళ్లు తుడుచుకుని, తర్వాత నెమ్మదిగా అన్నాడు.

"నాకు కోపమేం లేదు బామ్మర్దీ. నువ్వు జెప్పినంక మస్తు దినాలు ఆలోచించిన. సదువుకున్నోనివి, ఉట్టిగ జెప్పవు గద అనుకున్న. నిజమే అనిపిచ్చింది. నేను మొక్కని దేవుడైనా సరే, దేవునికి ఇష్టం లేని పని మన చేతులతోని చెయ్యొద్దు. ఇర్వై నాలుగేండ్లు చేసిన. ఇగ చెయ్య."

"కాదు బావా, నేను తప్పు చెప్పిన అంటున్న కదా!"

"గప్పుడు తప్పన్నవు. ఇప్పుడు గాదంటున్నవు. రేపు మల్ల ఏమంటవో నీకే ఎర్కలేదు. నీ తాన దేవుడు జర నిలకడ మీద లేడు బామ్మర్దీ. నిలకడైనంక పిలువు, వస్త." ఆ మాటలో వెటకారం వెతికాను. దొరకలేదు. చాయ్ గ్లాసు నా చేతికిచ్చి, చక్కెర సరిపోయిందా అని అడిగాడు.

ముసలి అయ్యగారు పోయినప్పటి నుంచి ఇప్పటిదాకా ఎన్ని వందల ప్రసంగాలు చేసి ఉంటాను! ప్రేమ గురించి, క్షమ గురించి, తప్పిపోయి తిరిగొచ్చిన కొడుక్కి ఎదురు పరుగెత్తిన తండ్రి గురించి. వాటిలో ఒక్కటైనా మా బావ మనసుకు పట్టలేదు. ఆయన నమ్మింది నేను చెప్పిన ఒక్క మాటే. నీ చేతి పని దేవుడికి ఇష్టం లేదన్న మాట. కోపమైతే చల్లారేది. నమ్మకాన్ని ఎట్లా తీయాలో నాకు తెలియదు. పెట్టింది నేనే అయినా తెలియదు.

అక్క గేటు దాకా వచ్చింది. లోపల మా మాటలన్నీ విన్నదని ముఖం చూస్తే తెలుస్తోంది. నన్ను క్షమించు అక్కా అన్నాను. "నీ మీద నాకేమున్నది తమ్మీ" అంది. కొంగుతో చేతికంటిన ఆకు పొడి దులుపుకుంటూ, గేటు గొళ్లెం పట్టుకుని నిలబడింది. "గోడ అవతల్నుంచి సాప దాక రానికి ఆయనకు ఇర్వై నాలుగేండ్లు పట్టింది. ఇప్పుడు మల్ల గోడ అవతల్నుంచే మొదలుపెట్టాలె. నాకు అర్వై దాటినయి. ఇంకో ఇర్వై నాలుగేండ్లు యాడ్నుంచి తేవాలె తమ్మీ?" అంది. అడిగినట్టు కాదు, తనలో తాను లెక్క చూసుకున్నట్టు. గేటు వేసుకుని లోపలికి వెళ్లింది.

అన్ని రోజులూ దేవుడివే, ఒక రోజుకు మరో రోజు మీద ఏ గొప్పా లేదని నేను నమ్మింది అబద్ధం కాకపోవచ్చు. కానీ ఏడాది మొత్తంలో మా బావ అడుగు ఇటువైపు పడే రోజు ఒకటే ఉండేది. అది ఏ కారణంతో ఏ తేదీన వచ్చినా, ఆయనకు తెలిసిన దారి అదొక్కటే. దాన్ని నేను మూసేశాక కూడా ఆయనకు రోజులు వస్తూనే ఉన్నాయి, పోతూనే ఉన్నాయి. ఏ ఒక్కటీ ఆయన్ని వెంటబెట్టుకుని రావడం లేదు.